వదులు కీళ్ల పిల్లలకు ఏది ముందు: ఫిజియోనా, బూట్లా, ఈతా, ఊరికే ఉండటమా?

పిల్ల నేల మీద కూర్చుంటే రెండు కాళ్లూ పక్కలకు మడిచి కప్పలా కూర్చుంటుంది. నిలబడితే మడమలు లోపలికి వాలిపోతాయి. సాయంత్రం దాకా ఆడి, పడుకునే వేళకు కాళ్లు నొప్పని ఏడుస్తుంది. డాక్టరు వేళ్లు వంచి చూసి "కీళ్లు కొంచెం వదులు, హైపర్‌మొబిలిటీ" అంటారు. ఆ రోజు నుంచి ఇంటికి సలహాల వరద. నానమ్మ నూనె రాయమంటుంది. ఎదురింటివాళ్లు ఆర్చ్ ఉన్న బూట్లు కొనమంటారు. ఒకరు ఈతలో వేయమంటారు, ఇంకొకరు కాల్షియం టానిక్ పేరు రాసిస్తారు. ఫిజియో సెంటరువాళ్లు మూడు నెలల ప్యాకేజీ చెబుతారు. అన్నీ ఒకేసారి చేద్దామంటే డబ్బూ చాలదు, ఆ పిల్లకు ఓపికా చాలదు.

ఈ పోలిక మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లల కోసం. మా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాం: ఒంటికి తొడిగేవాటి కంటే ఒళ్లు చేసే పనికి ముందు ఖర్చు పెట్టండి. ఎముకకూ ఎముకకూ మధ్య కట్టులా ఉండే లిగమెంట్లు ఈ పిల్లల్లో ఎక్కువ సాగుతాయి. వాటిని బిగించే మందు లేదు, టానిక్ లేదు, నూనె లేదు. కీలు నిలకడగా ఉండాలంటే ఆ పని చుట్టూ ఉన్న కండరాలే చేయాలి. మిగతావన్నీ వాటికి సాయం మాత్రమే.

## ముందు ఇది వదులు కీళ్లేనా?

చిన్నపిల్లల ఒళ్లు ఎలాగూ మెత్తనే. ఆసియా పిల్లల్లో, అందులోనూ ఆడపిల్లల్లో, ఇంకాస్త ఎక్కువ. డాక్టర్లు వాడే బైటన్ స్కోరు 9 పాయింట్లది. చిటికెనవేలు 90 డిగ్రీలు దాటి వెనక్కి వంగడం, బొటనవేలు ముంజేతికి తాకడం, మోచెయ్యి, మోకాలు 10 డిగ్రీలకు మించి వెనక్కి పోవడం: వీటిలో ప్రతిదానికీ కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు ఆనితే ఇంకొకటి. పిల్లల కోసం 2023లో వచ్చిన అంతర్జాతీయ వర్గీకరణ ఐదేళ్లు దాటినవాళ్లకు 6 లేదా అంతకంటే ఎక్కువ వస్తేనే లెక్కలోకి తీసుకోమంటుంది. మూడేళ్ల పిల్లాడికి ఇంట్లో వేళ్లు వంచి స్కోరు వేసి బెంగపడటం దండగ. స్కోరు 8 ఉండి హాయిగా ఆడుకునే పిల్లలు బోలెడుమంది. స్కోరు ఎంతైనా నొప్పి, అలసట, పడిపోవడం లేకపోతే అది జబ్బు కాదు, ఒంటి తీరు.

అయితే వదులు కీళ్ల ముసుగులో వేరే జబ్బు దాక్కోవచ్చు. కింది వాటిలో ఒక్కటి కనిపించినా ఈ పోలిక పక్కన పెట్టి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి:

- 18 నెలలు నిండినా నడక రాకపోవడం, లేదా వచ్చిన పని మళ్లీ పోవడం.
- నేల మీద నుంచి లేచేటప్పుడు చేతులతో మోకాళ్లు, తొడలు తోసుకుంటూ పైకి లేవడం. ఇది కండరాల జబ్బుకు గుర్తు కావచ్చు. మగపిల్లల్లో అయితే సీపీకే (కండరం దెబ్బతింటోందా అని చూసే) రక్తపరీక్ష అడగడానికి మొహమాటపడొద్దు.
- కీలు వాచడం, పొద్దున్నే బిగుసుకుపోవడం, జ్వరం, కుంటడం, బరువు తగ్గడం, ఎప్పుడూ ఒకే కాలిలో ఒకేచోట నొప్పి.
- చర్మం బాగా సాగడం, గాయాల మచ్చలు వెడల్పుగా, పల్చటి కాగితంలా మిగలడం. ఈడుకు మించిన ఎత్తు, పొడుగాటి వేళ్లు, కళ్ల సమస్య కలిసి ఉండటం.
- దగ్గరి బంధువుల్లో చిన్న వయసులో రక్తనాళం చిట్లి చనిపోయినవాళ్లు ఉండటం.

విటమిన్ డి లోపం, థైరాయిడ్ తక్కువగా ఉండటం కూడా కండరాన్ని నీరసపరుస్తాయి. ఎండ తగలకుండా అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్లలకు డి లోపం సాధారణం కాబట్టి కాళ్లనొప్పులుంటే ఆ పరీక్ష ఒకసారి చేయించడం మంచిదే. లోపం తేలితే డాక్టరు చెప్పిన కోర్సు వాడాలి. తేలకపోతే టానిక్కు పెట్టే డబ్బు గుడ్డుకూ పాలకూ పెట్టండి.

## దేన్ని బట్టి తూచాలి

మొదటి ప్రశ్న: పిల్లకు నిజంగా ఇబ్బంది ఎక్కడ? రాత్రి నొప్పా, మెట్లెక్కలేకపోవడమా, ఊరికే పడిపోవడమా, రాతలో వెనకబడటమా? "కీళ్లు వదులు" అనేది ఇబ్బంది కాదు, కారణం. అందరికీ ఒకే మందు లేనిది అందుకే.

రెండోది: అది కండరంతో పని చేయిస్తుందా, కండరం పనిని తానే చేసేస్తుందా? మూడోది: మీ ఇంట్లో వారానికి మూడు నాలుగు రోజులైనా జరుగుతుందా? ఊరవతల ఉన్న గొప్ప సెంటరుకు రెండుసార్లు వెళ్లి మానేయడం కంటే హాల్లో రోజూ పది నిమిషాల ఆట మేలు. నాలుగోది: ఫలితం తెలియడానికి ఎన్నాళ్లు పడుతుంది? కండరానికి బలం రావడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండు వారాల్లో తేల్చేయాలనుకుంటే ఏ దారీ పనిచేసినట్టు కనిపించదు.

| దారి | దేనికి పనికొస్తుంది | కండరం పని | ఎన్నాళ్లకు తెలుస్తుంది | ఇంట్లోవాళ్ల టైము |
|---|---|---|---|---|
| ఊరికే గమనించడం | నొప్పి, ఇబ్బంది లేని పిల్లలకు | మామూలు ఆటలోంచే | ఆరు నెలలు | దాదాపు లేదు |
| ఇంటి వ్యాయామం | అలసట, పడిపోవడం, కాళ్లనొప్పి | బాగా | 8–12 వారాలు | 10–15 నిమిషాలు, వారానికి 3–4 రోజులు |
| ఫిజియో | తగ్గని నొప్పి, మెట్లు, నడక తేడా | బాగా, గురిచూసి | 6–12 వారాలు | రాకపోకలు, దానిపైన ఇంటి వ్యాయామం |
| ఆక్యుపేషనల్ థెరపీ | రాత, గుండీలు, తిండి, కూర్చునే తీరు | చేతులకు, నడుముకు | 2–3 నెలలు | పైదానిలాగే |
| బూట్లు, ఇన్‌సోల్ (బూటు లోపల వేసే పొర) | పాదం నొప్పి, త్వరగా అలసిపోవడం | లేదు | కొన్ని రోజుల్లోనే | కొనేటప్పుడు మాత్రం |
| నీ క్యాపులు (మోకాలి పట్టీలు), స్ప్లింట్లు (కీలును పట్టి ఉంచే బద్దలు) | ప్రత్యేక సందర్భాలకు | తగ్గిస్తుంది | వెంటనే | తక్కువ |

## ఊరికే ఉండటం

సిగ్గుపడాల్సిన ఎంపిక కాదిది. పిల్ల ఈడు పిల్లలతో సమానంగా పరుగెత్తుతూ, రాత్రి నిద్రపోతూ ఉంటే థెరపీ అక్కర్లేదు. వయసుతో వదులు కొంత తగ్గుతుంది కూడా. కానీ "పెద్దయితే అదే సర్దుకుంటుందిలే" అని పిల్లను సోఫాలో, ఫోనులో వదిలేయడం ఊరికే ఉండటం కాదు. ఈ పిల్లలకు నడక, గెంతులు, పార్కు మామూలు పిల్లల కంటే ఎక్కువ అవసరం.

ఈ దారిలో ఉన్నవాళ్లు మానుకోవాల్సినవి రెండు. ఒకటి, చుట్టాలు రాగానే "బొటనవేలు వెనక్కి వంచి చూపించమ్మా" అనడం. కీలును దాని చివరి హద్దు దాకా పదే పదే నెట్టే అలవాటు అక్కడే మొదలవుతుంది. రెండోది, ఒంటి చెయ్యి పట్టుకుని పైకి లేపడం, రోడ్డు దాటేటప్పుడు లాగడం. నాలుగేళ్ల లోపు పిల్లల్లో అలా లాగితే మోచేతి దగ్గర ఎముక దాని కట్టులోంచి జారొచ్చు. పిల్ల చెయ్యి కదపకుండా వేలాడేసుకుంటుంది. డాక్టరు క్షణంలో సరిచేస్తారు గానీ మళ్లీ జారే అవకాశం ఉంటుంది. ఎత్తుకోవాలంటే రెండు చంకల కింద చేతులు పెట్టి ఎత్తాలి.

నూనె మర్దనా సంగతీ ఇక్కడే. రాత్రి నొప్పికి గోరువెచ్చటి నూనెతో పిక్కలు నిమిరితే హాయిగా ఉంటుంది, నిద్ర పడుతుంది, తప్పులేదు. బలం మాత్రం రాదు. చంటిపిల్లల స్నానంలో చేతులూ కాళ్లూ అడ్డంగా మడిచి గుంజే పద్ధతి ఈ పిల్లలకు వద్దు.

## ఇంటి వ్యాయామం

చాలా ఇళ్లకు మా మొదటి ఓటు దీనికే. ఖర్చు లేదు, ప్రయాణం లేదు, రోజువారీ పనుల్లో ఇమిడిపోతుంది. దీని బలహీనత కూడా అదే: కొలిచేవాళ్లు లేక రెండు వారాలకు అటకెక్కుతుంది. వ్యాయామం అని పేరు పెట్టకుండా రోజూ ఒకే వేళకు, స్నానానికి ముందో స్కూలు నుంచి రాగానే పాలు తాగాకో, ఆటలా పెట్టండి.

మా లెక్కలో ఈ ఐదు చాలు:

గుంజీళ్లు. వినాయకుడి ముందు తీసేవే. పూర్తిగా కిందికి కాదు, చిన్న కుర్చీలో కూర్చోబోయినంత వరకు. 5 చొప్పున రెండు విడతలు. మోకాళ్లు లోపలికి కొట్టుకోకుండా కాలివేళ్ల వైపు చూడాలి. అసలు తప్పు పైకి లేచాక జరుగుతుంది: పిల్ల మోకాళ్లను వెనక్కి తోసి, ఎముక మీద ఎముక ఆనించి నిలబడుతుంది. పక్క నుంచి చూస్తే కాలు విల్లులా వెనక్కి వంగి ఉంటుంది. అప్పుడు కండరానికి పనే లేదు. "మోకాలు మెత్తగా పెట్టు" అని ఒక్కమాట అలవాటు చేయండి. "నిటారుగా నిలబడు" అంటే మళ్లీ వెనక్కే తోస్తుంది.

వంతెన. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము లేపడం. ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచాలి, 6 సార్లు. కింద నుంచి బొమ్మకారు పోనిస్తే అడగకుండానే పది చేస్తారు.

మునివేళ్ల మీద లేవడం. గోడ పట్టుకుని 8–10 సార్లు. చీలమండ బయటికి వాలిపోతుంటే రెండు మడమల మధ్య చిన్న రబ్బరు బంతి పెట్టి, అది కింద పడకుండా లేవమనండి. తేడా వెంటనే కనిపిస్తుంది.

ఏనుగు నడక. చేతులూ పాదాలూ నేల మీద ఆనించి గది ఆ చివర నుంచి ఈ చివరకు, 2 సార్లు. మోచేతులు బిగుసుకుని వెనక్కి తిరిగిపోతే వెంటనే కనిపిస్తుంది. మోచేతులు కాస్త వంచి నడవమనండి. రాకపోతే మోకాళ్ల మీద పాకుడుతో మొదలెట్టండి.

ఒంటికాలి ఆట. తొక్కుడుబిళ్లే సరిపోతుంది. ఐదేళ్ల పిల్లలు మామూలుగా ఒంటికాలి మీద పది సెకన్ల దాకా నిలబడతారు. మీ పిల్ల మూడు దగ్గర ఆగితే మూడు నుంచే మొదలెట్టండి. ఒంటికాలితో గెంతడానికి ముందు నిలబడటం రావాలి.

వేళ్లకు వేరే సామాను అక్కర్లేదు. చపాతీ పిండి పిసకడం, తడి చేతిగుడ్డ పిండడం, వామనగుంటల్లో చింతపిక్కలు ఒక్కొక్కటిగా వేయడం, అన్నం చేత్తో కలుపుకుని తినడం చాలు. చెంచాతో తినిపించే ఇంట్లో పిల్లకు రోజుకు మూడుపూటల వ్యాయామం పోయినట్టే.

ఎంత చేయించాలి అన్నదానికి ఒక్క కొలత: మర్నాడు పొద్దునకు కూడా నొప్పి ఉంటే నిన్నటిది ఎక్కువైంది, సగానికి తగ్గించండి. నొప్పి లేకపోతే వారానికి ఒకటి రెండు చొప్పున పెంచండి. మొత్తం మానేయడం మాత్రం వద్దు. ఆదివారం పార్కులో నాలుగు గంటలు, సోమవారం ఏడుపు, మంగళ, బుధవారాలు పూర్తి విశ్రాంతి, మళ్లీ ఆదివారం పార్కు: చాలా ఇళ్లలో నడిచే చక్రం ఇదే. విశ్రాంతి రోజుల్లో కండరం ఇంకా సడలుతుంది, వచ్చే ఆదివారం నొప్పి ఇంకా పెరుగుతుంది. నాలుగు గంటల పార్కును ఒకే రోజు పెట్టకుండా వారంలో నాలుగు సాయంత్రాలకు పంచండి.

## ఫిజియో

ఇంటి వ్యాయామం రెండు నెలలు నిజంగా చేసినా నొప్పి తగ్గకపోతే, నడక తేడాగా ఉంటే, లేదా ఏ కండరం బలహీనమో మీకు తెలియకపోతే ఫిజియోకు వెళ్లండి. మొదట వారానికి ఒకసారి, తర్వాత రెండు వారాలకోసారి, మొత్తం ఆరు నుంచి ఎనిమిది సార్లు వెళ్తే చాలామందికి సరిపోతుంది. అసలు పని ఇంట్లోనే జరగాలి.

మంచి ఫిజియో మొదటిరోజు పిల్లను నడిపించి, మెట్లెక్కించి, నేల మీద నుంచి లేపి చూస్తారు. మూడు నాలుగు వ్యాయామాలు మీ చేతే చేయించి, మీ ఫోనులో వీడియో తీసుకోమంటారు. ఐదేళ్ల పిల్ల మోకాలికి కరెంటు పెట్టడం, మెషిన్ మీద పడుకోబెట్టడం, ముందే సాగిన కీళ్లను "ఫ్లెక్సిబిలిటీ" కోసమని ఇంకా సాగదీయడం కనిపిస్తే బయటికొచ్చేయండి. పిక్కలు, తొడ వెనక కండరాలు బిగుసుకున్న పిల్లలు ఉంటారు, వాటిని సున్నితంగా సాగదీయడం వేరే సంగతి.

పెద్ద సిటీలో "హైపర్‌మొబిలిటీ స్పెషలిస్టు" దగ్గరికే వెళ్లాలా అని అడుగుతారు. 7 నుంచి 16 ఏళ్ల పిల్లలు 57 మంది మీద బ్రిటన్‌లో చేసిన పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. కొందరికి ఒక్కో కీలుకూ గురిచూసి వ్యాయామం ఇచ్చారు, కొందరికి మొత్తం ఒంటికి బలమిచ్చే మామూలు వ్యాయామం ఇచ్చారు. ఆరు వారాల్లో రెండు గుంపుల్లోనూ నొప్పి తగ్గింది, ఏది మెరుగో తేలలేదు. మన పిల్లలు అంతకంటే చిన్నవాళ్లు కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు అంటించలేం. అయినా దగ్గర్లో ఉన్న, పిల్లలతో ఓపికగా ఉండే ఫిజియోను వదిలి నాలుగు గంటల ప్రయాణం పెట్టుకోవడానికి గట్టి కారణం కనిపించదు.

ఫీజు భారమైతే జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల ఇబ్బందుల్ని ముందే గుర్తించి చూసే జిల్లా కేంద్రం) గురించి అడగండి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల్ స్వాస్థ్య కార్యక్రమ్) అనే పిల్లల ఆరోగ్య పథకం కింద నడిచే ఈ కేంద్రాల్లో ఎదుగుదల ఇబ్బందులున్న పిల్లలకు ఉచితంగా చూస్తారు. అంగన్‌వాడీ నుంచో సర్కారు బడి నుంచో ఆర్‌బీఎస్‌కే బృందం రాసిన చీటీ ఉంటే పని త్వరగా అవుతుంది.

## ఆక్యుపేషనల్ థెరపీ

రాయడం, గుండీలు పెట్టుకోవడం లాంటి రోజువారీ పనులు పిల్లకు సులువయ్యేలా చేసే థెరపీ ఇది. సెంటర్లలో దీన్ని ఓటీ అంటారు. ఆపరేషన్ థియేటర్ అనుకుని కంగారు పడకండి. కాళ్ల కంటే చేతులు ఇబ్బంది పెట్టే పిల్లలకు ఫిజియో కన్నా ఇది ముందు: ఒకటో తరగతికొచ్చినా గుండీ పెట్టుకోలేకపోవడం, నీళ్లసీసా మూత తీయలేకపోవడం, నాలుగు లైన్లు రాయగానే చెయ్యి విదిలించుకోవడం.

రాసేటప్పుడు పిల్ల వేళ్లను దగ్గర నుంచి చూడండి. చూపుడువేలి చివరి కణుపు లోపలికి నొక్కుకుపోయి, గోరు కింద తెల్లబడి, బొటనవేలు పెన్సిల్ చుట్టూ మెలిపడి ఉంటే, ఆ వేలు పెన్సిల్‌ను పట్టుకోవడానికే బలమంతా ఖర్చు చేస్తోంది. అక్షరానికి ఇక మిగిలేది లేదు. లావుగా ఉండే మూడు పలకల పెన్సిల్, మెత్తటి 2బి ములుకు, అరచేతికి అడ్డం రానంత పొట్టి క్రేయాను ముక్క దీనికి చవకైన మందులు. రబ్బరు గ్రిప్ అందరికీ నప్పదు. వారం వాడి చూసి అక్షరం మారకపోతే తీసేయండి. ఆఫీసుల్లో వాడే లావు బాక్స్ ఫైలును, వీపు భాగం పిల్లకు దూరంగా ఉండేలా బల్ల మీద పడుకోబెడితే మంచి వాలుబల్ల అవుతుంది. మణికట్టు కాస్త వెనక్కి వంగి, వేళ్లకు పట్టు దొరుకుతుంది. పుస్తకం జారకుండా కింద ఒక క్లిప్పు పెట్టాలి.

కూర్చునే తీరు దగ్గర ఇంట్లో రోజూ గొడవే. కప్పలా కూర్చోవడం వల్ల తుంటి పాడైపోతుందనే భయం అతిగా ప్రచారమైంది. ఈ పిల్లలకు అలా కూర్చుంటే నడుము కండరం మీద భారం తగ్గుతుంది కాబట్టి కూర్చుంటారు. పది నిమిషాలకోసారి తీరు మారితే చాలు. మఠం వేసుకుని కూర్చోమని అరవడం కంటే ఒక చిన్న పీట ఇవ్వండి, కాళ్లు వాటంతటవే ముందుకొస్తాయి. కుర్చీలో అయితే పాదాలు గాల్లో వేలాడకూడదు. కింద ఇటుకో డబ్బానో పెట్టండి.

## బూట్లు, ఇన్‌సోల్

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. ఆరేడేళ్ల లోపు పిల్లల పాదం చదునుగా ఉండటం మామూలే. మునివేళ్ల మీద లేచినప్పుడు వంపు కనిపిస్తే అది మెత్తటి చదునుపాదం, నొప్పి లేకపోతే వదిలేయొచ్చు. లేచినా వంపు రాకపోతే ఎముకల డాక్టరుకు చూపించాలి. ఒకటి నుంచి ఆరేళ్ల పిల్లలకు మూడేళ్లపాటు ప్రత్యేక బూట్లు, ఇన్‌సోళ్లు తొడిగి చూసిన అమెరికా పరీక్ష ఒకటి 1989లో అచ్చయింది. తొడగని పిల్లలకూ వాళ్లకూ పాదం ఎదుగుదలలో తేడా రాలేదు.

మన దగ్గరి లెక్క ఇంకా ఆసక్తికరం. 1992లో అచ్చయిన భారతీయ సర్వేలో 4 నుంచి 13 ఏళ్ల పిల్లలు 2300 మంది పాదముద్రలు చూశారు. బూట్లు వేసుకునేవాళ్లలో 8.6 శాతం మందికి చదునుపాదం ఉంటే, వేసుకోనివాళ్లలో 2.8 శాతం మందికే ఉంది. ఆ తేడా ఎక్కువగా కనిపించింది లిగమెంట్లు వదులుగా ఉన్న పిల్లల్లోనే. అందుకని బడి నుంచి రాగానే బూట్లు విప్పేసి ఇంట్లో, మట్టిలో, ఇసుకలో ఉత్తకాళ్లతో తిరగనివ్వండి.

మరి బూటు ఎప్పుడు సాయం చేస్తుంది? పాదమో చీలమండో నొప్పిపెడుతుంటే, కొంత దూరం నడవగానే ఎత్తుకోమంటే. షాపులో మూడు పరీక్షలు చేయండి. మడమ వెనక భాగం రెండు వేళ్లతో నొక్కితే అప్పడంలా నలగకూడదు. బూటును వంచితే వేళ్ల దగ్గర వంగాలి, మధ్యలో కాదు. రెండు చివరలూ పట్టి బట్ట పిండినట్టు తిప్పితే మెలి తిరగకూడదు. ముందు బొటనవేలికీ బూటుకూ మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ, పైన వెల్క్రోనో లేసో. ఒదులుగా ఉండే స్లిప్పర్లు, వెనక పట్టీ లేని చెప్పులు దూరం నడవడానికి వద్దు. చీలమండ దాటి ఎత్తుగా ఉండే బూట్లు బలాన్నివ్వవు.

మంచి బూటు వేసినా నొప్పి ఉంటే మామూలు మెత్తటి రెడీమేడ్ ఇన్‌సోల్ ఆరు వారాలు వాడి చూడండి. కొలతలు తీసి చేయించేది దాని తర్వాతి మెట్టు. పిల్ల పాదం ఏడాదికే సైజు మారిపోతుంది, ఆ ఖర్చు మళ్లీ మళ్లీ వస్తుంది.

## పట్టీలు, నీ క్యాపులు

మందుల షాపులో దొరికే సాగే గొట్టం లాంటి నీ క్యాపు చిన్నపిల్లకు రోజంతా వేయొద్దు. కండరం పని తగ్గుతుంది, పిల్లకు "నా కాలు బాలేదు" అనే భావన పాతుకుపోతుంది. బెణికిన తర్వాత కొన్నాళ్లు, ఎక్కువసేపు నడవాల్సిన ప్రయాణంలో కాసేపు ఫరవాలేదు. పదే పదే జారే కీలుకు స్ప్లింటు కావాలా అనేది ఫిజియోతో, డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సింది.

## ఏ క్లాసులో చేర్పించాలి?

| వ్యాపకం | ఏం బాగు | ఎక్కడ తేడా కొడుతుంది |
|---|---|---|
| ఈత | కీలు మీద బరువు లేకుండా ఒళ్లంతా పనిచేస్తుంది | కప్ప ఈత కాలి తన్నుకు మోకాలు నొప్పిరావచ్చు. ఫ్రీస్టయిల్‌తో మొదలెట్టాలి |
| సైకిలు | తొడలకు బలం | సీటు మరీ కిందికుంటే మోకాలు నొప్పి. పెడల్ కిందికెళ్లినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండాలి |
| కరాటే | నిలకడ, వంగి నిలబడే భంగిమలు | గాల్లో గుద్దేటప్పుడు మోచెయ్యి టక్కున చాచి బిగించడం |
| యోగా | బ్యాలెన్సు, ఊపిరి | పోటీల కోసం వెన్ను విరిచే ఆసనాలు |
| కూచిపూడి, భరతనాట్యం | అరమండిలో తొడలకు గట్టి పని | గట్టి నేల మీద గంటసేపు అడుగులు కొట్టడం |
| జిమ్నాస్టిక్స్ | బలం వస్తుంది | కీలును చివరిదాకా నెట్టడం |

నొప్పి ఉన్న పిల్లకు మొదట ఈత లేదా సైకిలు. నొప్పి లేని పిల్లకు తనకు ఇష్టమైనదేదైనా. మిగతా ఏ కొలతకన్నా మానకుండా వెళ్లడమే పెద్దది. యోగా, డాన్సు, జిమ్నాస్టిక్స్ టీచర్లతో మాత్రం చేరేరోజే మాట్లాడండి. వదులు కీళ్ల పిల్ల మొదటి వారంలోనే అందరికంటే బాగా వంగుతుంది, చప్పట్లు పడతాయి, టీచరు ఇంకా వంచమంటారు. ఆ మెప్పే ఇబ్బంది. "ఎంత వంగింది కాదు, ఎంతసేపు కదలకుండా నిలిచింది చూడండి" అని అడగండి. దానికి ఒప్పుకోని టీచరైతే వేరే క్లాసు వెతుక్కోవడం మేలు. సర్వాంగాసనం, హలాసనం లాంటి మెడ మీద భారం పడేవి ఈ వయసులో ఈ పిల్లలకు వద్దంటాం.

## మీ ఇంటికి ఏది?

అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాల్లో ఉంటే ఇంటి వ్యాయామం వారాంతానికి వాయిదా పడుతూ పోతుంది. వారానికి రెండు రోజుల ఈత, ఉదయం బస్సు దాకా నడక, పళ్లు తోముకునేటప్పుడు మునివేళ్ల మీద లేవడం: ఈ మూడూ పెట్టుకోండి. తాతయ్యో అమ్మమ్మో ఇంట్లో ఉంటే గుంజీళ్లూ వామనగుంటలూ వాళ్ల చేతికి అప్పజెప్పండి, మీకంటే బాగా చేయిస్తారు. ఫిజియో దొరకని ఊళ్లో ఉంటే జిల్లా కేంద్రానికి ఒక్కసారి వెళ్లి వ్యాయామాలు నేర్చుకుని, నెలకోసారి వీడియో కాల్‌లో చూపించుకుంటే నడుస్తుంది. కీలు జారే పిల్లకు, చర్మం సాగే పిల్లకు మాత్రం రుమటాలజిస్టు (కీళ్ల జబ్బుల డాక్టరు) లేదా జెనెటిక్స్ (వంశపారంపర్య జబ్బుల) డాక్టరు అవసరం. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు దారి వేరు. మూడేళ్ల లోపు పిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్ అనే సర్కారు థెరపీ సేవ, మూడు దాటాక స్కూల్ డిస్ట్రిక్టు చేసే పరీక్ష. రాతలో ఇబ్బంది చదువుకు అడ్డొస్తోందని చూపించగలిగితే స్కూల్లోనే ఓటీ దొరుకుతుంది. ఇన్సూరెన్సులో ఫిజియో సెషన్లకు ఏడాదికి పరిమితి ఉందేమో ముందే చూసుకుని, వాటిని మొదటి నెలలోనే ఖర్చు చేయకుండా పరుచుకోండి.

బడికి చెప్పాల్సినవి ఏ దారిలో ఉన్నా ఒకటే. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం ఒకటి, రెండు తరగతుల బ్యాగు 1.6 నుంచి 2.2 కిలోలు దాటకూడదు, ప్రీ ప్రైమరీకి బ్యాగే లేదు. ఆ కాగితం చూపించి, పుస్తకాలు కొన్ని బడిలోనే ఉంచమనండి. ఎక్కువ రాసే రోజున మధ్యలో రెండు నిమిషాలు ఆగనివ్వమని, పీటీ పీరియడ్‌కు మాత్రం తప్పకుండా పంపమని అడగండి. శిక్షగా మోకాళ్ల మీద నిలబెట్టొద్దని రాసి ఇవ్వండి.

రాత్రి నొప్పికి పది పదిహేను నిమిషాలు వేడి కాపడం, నిమురుడు చాలు. మరీ ఏడిస్తే డాక్టరు బరువును బట్టి చెప్పిన మోతాదులో పారాసిటమాల్. వారానికి రెండు మూడుసార్లు ఇవ్వాల్సి వస్తోందంటే ఆ కారణంతోనే డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాలి.

ఏ దారి పట్టినా ఫలితాన్ని బైటన్ స్కోరుతో కొలవకండి. వ్యాయామంతో అది తగ్గదు, తగ్గాల్సిన పనీ లేదు. మొదలెట్టిన రోజున గోడ క్యాలెండరు మీద నాలుగు అంకెలు రాయండి: వారంలో కాళ్లనొప్పితో ఏడ్చిన రాత్రులు, ఒంటికాలి మీద నిలబడిన సెకన్లు, దేన్నీ పట్టుకోకుండా ఎక్కిన మెట్లు, చెయ్యి విదిలించుకునేలోపు రాసిన లైన్లు. ఎనిమిది వారాలకు మళ్లీ రాయండి. రెండైనా మెరుగుపడితే ఉన్నదే కొనసాగించండి. ఏదీ కదలకపోతే ముందు నిజంగా ఎన్ని రోజులు చేశారో లెక్కపెట్టుకోండి. వారానికి మూడు రోజులు చేసినా కదల్లేదంటే ఇంటి వ్యాయామం నుంచి ఫిజియోకు మారండి. ఏ అంకె అయినా వెనక్కి వెళితే ఎనిమిది వారాలు ఆగొద్దు, ఆ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి.